అభ్యర్థికి ఇంటర్వ్యూ చేసిందెవరు?

ఉద్యోగంలో నాకు అస్సలు నచ్చని పని ఒకటుంది.. ఇంటర్వ్యూలు తీసుకోవడం. నెలకి నాలుగైదు తప్పవు. ముక్కూ మొహం తెలియని వాణ్ణి ముప్పావుగంట మాట్లాడించి, టెక్నికల్‌కి అయిదుకి ఎంత, కమ్యూనికేషన్‌కి అయిదుకి ఎంత అని షీటు నింపాలి. చివర్లో తీసుకోవచ్చో లేదో చెప్పి, ఎందుకో రెండు లైన్లు రాయాలి. ఆ రెండు లైన్లూ ఖాళీగా వదిలేస్తే ఫారం ముందుకి కదలదు. ఈ రెండు లైన్ల సంగతి కాస్త గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

2024 జనవరి మొదటి వారంలో ఒకరోజు, క్లయింటు కాల్‌లో అందరూ చేరేదాకా పిచ్చాపాటీ నడుస్తోంది. అవతలున్నాయనది న్యూ హాంప్‌షైర్. ఆ నెల 23న వాళ్ళ రాష్ట్రంలో ప్రైమరీ. రిపబ్లికన్ పార్టీ తరఫున అధ్యక్ష పదవికి ఎవరు పోటీ చెయ్యాలో తేల్చే ఓటింగు. ట్రంప్, నిక్కీ హేలీ, డిశాంటిస్, వివేక్ రామస్వామి అందరూ ఇంకా బరిలోనే ఉన్నారు. ఈయనకి ఏ పార్టీతోనూ సంబంధం లేదు. అయినా అక్కడి పద్ధతిలో అలాంటివాళ్ళు కూడా ఏదో ఒక పార్టీ ప్రైమరీలో ఓటెయ్యొచ్చట. "ఇద్దర్ని దగ్గర్నుంచి చూశాను, ఇంకొకర్ని కూడా చూసి తేల్చుకుంటా" అన్నాడు, లాప్‌టాప్ కొనబోయేవాడిలాగా. తర్వాత మర్యాదకి నన్నడిగాడు. "మీకూ నవంబరులో ఎన్నికలయ్యాయి కదా, మీ ఊళ్ళో పార్టీ అభ్యర్థిని ఎలా ఎంచుకున్నారు?"

"టీవీలో చూశాం" అన్నాను.

ఆయన జోకనుకుని నవ్వాడు. నేనూ నవ్వేశాను. కానీ చెప్పొద్దూ, కాల్ అయ్యాక కూడా ఆ ప్రశ్న వదల్లేదు. ఎందుకంటే నేను చెప్పింది జోకు కాదు.

మాది జనగామ దగ్గర పల్లె. అమ్మ పుట్టిల్లు మానుకోట, అదే మహబూబాబాద్. అక్కనిచ్చింది భూపాలపల్లికి, బావ సింగరేణిలో చేస్తాడు. 2016 అక్టోబరు 11 దాకా ఈ మూడూ వరంగల్ జిల్లానే. ఆ రోజుతో మూడూ మూడు జిల్లాలైపోయాయి. అప్పట్నుంచి మా ఇంట్లో పండక్కి ముగ్గురు కలిస్తే మూడు జిల్లాల సమావేశమే :)

ఆ సంక్రాంతికి అందరూ మా ఇంట్లోనే. ఫలితాలొచ్చి నెలన్నర కూడా కాలేదు కాబట్టి మాటలన్నీ వాటి మీదే. కనుమ నాడు భోజనాలయ్యాక లాప్‌టాప్ తెరిచి, "మన మూడు చోట్లా నిలబడ్డవాళ్ళకి ఇంటర్వ్యూ మార్కులేద్దాం" అన్నాను. ఎక్సెల్ షీట్లో కాలమ్‌లు పెట్టాను. చదువు, అనుభవం, కేసులు, ఆస్తులు, పార్టీ నిలకడ. మొదటి నాలుగింటికీ సమాచారం కష్టం కాదు. 2002, 2003లలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుల పుణ్యమా అని ప్రతి అభ్యర్థీ చదువు, ఆస్తులు, కేసులు అఫిడవిట్‌లో రాసివ్వాలి. అంటే రెజ్యూమెలు బయటే ఉన్నాయి. చూసేవాడు ఉండాలంతే.

మొదట చదువు కాలమ్ పట్టుకున్నాం. మనం ఇంజనీర్లం కదా, 'చదువుకున్నవాళ్ళు రాజకీయాల్లోకి రావాలి' అని క్యాంటీన్లో అనుకోని రోజుండదు. నేనూ అన్నవాణ్ణే. తీరా చూస్తే మా వైపు చదువుకి కొదవే లేదు!

పొన్నాల లక్ష్మయ్య గారు ఇంజనీరింగ్ చదివి అమెరికాలో ఉద్యోగం చేసి వచ్చినాయన. నాసాలో పని చేశారని మా ఊళ్ళో చిన్నప్పట్నుంచీ వింటున్న మాట. జనగామ నుంచి నాలుగుసార్లు గెలిచారు, 2009లో అయితే 236 ఓట్ల తేడాతో. 2018లో కాంగ్రెస్ ఇదే సీటుని ప్రొఫెసర్ కోదండరాం కోసం ఆలోచిస్తూ, ఆయన టికెట్టుని చివరిదాకా నాన్చింది. 2023లో బీఆర్‌ఎస్ తరఫున గెలిచిన పల్లా రాజేశ్వర్ రెడ్డి గారు విద్యాసంస్థల అధినేత. పక్కన స్టేషన్ ఘన్‌పూర్‌లో రాజయ్య గారు డాక్టరు. మానుకోటలో 2023లో గెలిచిన మురళీ నాయక్ గారూ డాక్టరే. 2014లో మానుకోట ఎంపీ అయిన సీతారాం నాయక్ గారు కాకతీయ యూనివర్సిటీ ప్రొఫెసరు. మా జిల్లాలోనే పాలకుర్తిలో యశస్విని రెడ్డి గారు 2023 నాటికి 26 ఏళ్ళ బీటెక్ అమ్మాయి, నాకన్నా చిన్న. అసలు పోటీకి దిగాల్సింది ఆమె అత్తగారు. ఆవిడ భారత పౌరసత్వం విషయంలో చిక్కు రావడంతో టికెట్టు కోడలికొచ్చింది. ఆరుసార్లు ఎమ్మెల్యేగా గెలిచి, మంత్రిగా ఉన్న ఎర్రబెల్లి దయాకర్ రావు గారిని 47 వేలకు పైగా ఓట్లతో ఓడించింది.

"అందరికీ అయిదుకి అయిదే వేస్తవా? మరి తేడా ఎట్ల తెలుస్తది?" అన్నాడు మామ. ఆయన సర్కారు బడిలో పంతులు, మార్కుల విషయంలో గట్టోడు. నిజమే, అందరికీ ఒకటే మార్కు వచ్చే కాలమ్ వల్ల ఉపయోగమేంటి?

ఇక్కడ నా సొంత బాగోతం ఒకటి చెప్పాలి. 2021 మార్చిలో వరంగల్-ఖమ్మం-నల్గొండ పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నిక. డిగ్రీ అయ్యి మూడేళ్ళు దాటినవాళ్ళే ఓటర్లు. అప్పుడు వర్క్ ఫ్రమ్ హోం వల్ల ఊళ్ళోనే ఉన్నాను. బీటెక్ పట్టా పెట్టి ఓటు నమోదు చేయించుకుని, గర్వంగా వెళ్ళాను. బరిలో 71 మంది. బ్యాలెట్ చూస్తే పరిచిన పేపరులా ఉంది. పేర్ల పక్కన 1, 2, 3 అని అంకెలు వెయ్యాలి. నేనేం చేశానంటే.. ముందు అలవాటుగా టిక్కు పెట్టేశాను. పెట్టాక గుర్తొచ్చి పక్కన 1 వేశాను. ఆ ఎన్నికలో చెల్లని ఓట్లు ఇరవై వేలు దాటాయి. ఒక్క నిరక్షరాస్యుడు కూడా లేని ఓటర్ల జాబితాలో! అందులో నాదొకటని నా గట్టి నమ్మకం. ఈ సంగతి మూడేళ్ళు ఎవరికీ చెప్పలేదు, ఆ కనుమ నాడే చెప్పాను. మా నాయనమ్మ అక్షరమ్ముక్క రానిది. "సర్పంచి ఓట్లల్ల గుద్దుడు గుద్దుతె బొమ్మ మీదనే పడాలె. నీకు గంత సదువు దేనికిరా?" అంది. చదువు కాలమ్ అక్కడితో తీసేశాం.

ఇక అనుభవం. ఇది మామ సబ్జెక్టు. మానుకోట పార్లమెంటు సీట్లో 2009లో బలరాం నాయక్ గారు గెలిచారు, కేంద్రంలో సహాయ మంత్రి కూడా అయ్యారు. 2014లో సీతారాం నాయక్ గారు. 2019లో ఆయన్ని పక్కన పెట్టి టీఆర్‌ఎస్ మాలోత్ కవిత గారికి టికెట్టిచ్చింది, ఆవిడ గెలిచారు. "ముగ్గుర్నీ అయిదేండ్ల చొప్పున చూసినం. అప్రైజల్ చేసుడు మాకు అల్కగ" అన్నాడు మామ. విచిత్రమేంటంటే, ఆ తర్వాత 2024 మేలో జరిగిన ఎన్నికల్లో నిజంగానే ఆ ముగ్గురూ ఒకేసారి బరిలో దిగారు.. కాంగ్రెస్ నుంచి, బీజేపీ నుంచి, బీఆర్‌ఎస్ నుంచి. బలరాం నాయక్ గారు మూడు లక్షలకు పైగా మెజారిటీతో గెలిచారు. అంటే పదిహేనేళ్ళ పనిని పక్కపక్కన పెట్టి చూసే అవకాశం ఓటరుకి వచ్చింది. ఇలాంటిది ఎక్కడా దొరకదు. కానీ ఫోన్ చేసి అడిగితే మామ ఏమన్నాడో తెలుసా? "ముగ్గుర్లెవలు మంచిగ చేసిండ్రని ఎవలూ మాట్లాడలేదురా. సర్కారు ఎవలదుంటె గాల్లకే అన్నరు." నిజంగా అందరూ అలాగే వేశారో లేదో నేను చెప్పలేను. మామ చెవిన పడిందిది.

పార్టీ నిలకడ కాలమ్ దగ్గరికొచ్చేసరికి బావ పగలబడి నవ్వాడు. భూపాలపల్లిలో 2018లో గండ్ర వెంకట రమణారెడ్డి గారు చేతి గుర్తు మీద గెలిచారు. తెలంగాణ తొలి స్పీకరు మధుసూదనాచారి గారు ఓడిపోయారు. ఫార్వర్డ్ బ్లాక్ సింహం గుర్తు మీద నిలబడ్డ గండ్ర సత్యనారాయణరావు గారు రెండో స్థానంలో వచ్చారు. 2019లో రమణారెడ్డి గారు టీఆర్‌ఎస్‌లోకి వెళ్ళిపోయారు. 2023లో ఆయన కారు గుర్తు మీద, సత్యనారాయణరావు గారు చేతి గుర్తు మీద. ఈసారి చేతిదే గెలుపు. "మా గనిల ఒకాయన రెండు సార్లూ చేతికే వేసిన అంటడు, ఇంకొకాయన రెండుసార్లూ రమణారెడ్డికే వేసిన అంటడు. ఇద్దరు మేమే మారలేదంటరు. నిలకడ ఎవలది?" అన్నాడు బావ. షీట్లో ఏం రాయాలో తోచలేదు.

అప్పుడు నాయనమ్మ తన కాలమ్ చెప్పింది. "పిలిస్తె పలుకుతడా? మనింట్ల ఎవలన్న పోతె వచ్చి కూసుంటడా? గది రాయి."

నేను ఒప్పుకోలేదు. ఎమ్మెల్యే పని చట్టాలు చెయ్యడం, బడ్జెట్ మీద ప్రశ్నించడం, చావులకి పోవడం కాదన్నాను. అక్క అందుకుంది. "నీకేం తెల్వదు. కల్యాణలక్ష్మి చెక్కు ఎవలిస్తరు? నిమ్స్‌ల బెడ్డు కావాలంటె లెటర్ ఎవలిస్తరు? సీఎం రిలీఫ్ ఫండ్ పైసలకు ఎవలకాడికి పోవాలె?" ఆ మాటతో నాకు ఒకటి వెలిగింది. మేం ఇంతసేపూ జాబ్ డిస్క్రిప్షన్ లేకుండా ఇంటర్వ్యూ చేస్తున్నాం. రాజ్యాంగం అడిగేది కనీస అర్హతలే.. ఇక్కడి పౌరుడై ఉండాలి, 25 ఏళ్ళు నిండాలి. అమెరికా అధ్యక్షుడికైనా అంతే, పుట్టుకతో అక్కడి పౌరసత్వం, 35 ఏళ్ళ వయసు, 14 ఏళ్ళ నివాసం. ఆపైన 'మంచి అభ్యర్థి' అంటే ఎవరనేది అడిగేవాళ్ళ అవసరాన్ని బట్టి మారిపోతుంది. నెలజీతం వచ్చి, మెడికల్ ఇన్సూరెన్స్ కార్డున్న నాకు ఎమ్మెల్యేతో పని లేదు. అందుకే నాకు డిగ్రీలు కనబడ్డాయి. నాయనమ్మకి ఫోనెత్తేవాడు కావాలి. ఆమె అడిగింది తక్కువేం కాదు. నేను అడిగింది మాత్రం నాకు ఖర్చులేనిది.

ఇదంతా అవుతున్నంతసేపూ బాపు ఒక్క మాట మాట్లాడలేదు. సకినం ముక్కలు చేసుకుంటూ కూర్చున్నాడు.

బాపు ఒక పార్టీ కార్యకర్త. ఏ పార్టీయో చెప్పను, చెప్తే మీరు మిగతాదంతా ఆ కళ్ళద్దాలతోనే చదువుతారు. ఇరవై రెండేళ్ళు జెండా మోశాడు. పొద్దున ఆరింటికే పోలింగ్ ఏజెంటుగా కూర్చుంటాడు, సభలకి జనాన్ని ఎక్కిస్తాడు, సభ్యత్వ రసీదులన్నీ ట్రంకుపెట్టెలో దాచుకున్నాడు. 2023లో అభ్యర్థి పేరు తెలిసింది ఆయనకి కూడా టీవీలోనే. ఆ రోజు టీవీ కట్టేసి పొలం దిక్కు వెళ్ళిపోయాడు. వారం తర్వాత మళ్ళీ కండువా వేసుకుని అదే అభ్యర్థి కోసం ఇల్లిల్లూ తిరిగాడు. పోలింగ్ నాడు ఓటెయ్యడానికి వెళ్ళిన నేను, "ఇన్నేండ్లు తిరిగితే ఆ పార్టీ నీకేమిచ్చింది?" అనేశాను. రెండ్రోజులు నాతో మాట్లాడలేదు.

ఆ కనుమ నాడు సకినం పక్కన పెట్టి నెమ్మదిగా అన్నాడు. "పదవి ఇయ్యలేదని కోపం లేదురా నాకు. ఎవల్ని నిలవెడ్దామని ఒక్కసారన్న అడగలేదు. ఊర్ల తిట్లు తినేటోన్ని నేను. నన్ను అడగొద్దా?"

ఎవ్వరూ ఏం మాట్లాడలేదు.

నేను టీమ్‌లోకి ఒకణ్ణి తీసుకోవాలంటే, రేపు వాడితో కలిసి పని చెయ్యాల్సినవాళ్ళం ప్యానెల్‌లో కూర్చుంటాం. అది మామూలు విషయం, ఎవరూ దాన్ని గొప్ప హక్కనుకోరు. మరి ఇక్కడ? 2023 ఆగస్టు 21న కేసీఆర్ గారు 119 సీట్లకి 115 పేర్లు ఒకే ప్రెస్‌మీట్‌లో చదివేశారు. పెండింగ్ పెట్టిన నాలుగింటిలో మా జనగామ ఒకటి. రెండుసార్లు గెలిచిన ముత్తిరెడ్డి గారిని కాదని పల్లా గారికి ఇవ్వడానికి మరికొన్ని వారాలు పట్టింది. కాంగ్రెస్ అదే ఆగస్టులో దరఖాస్తులు పిలిచింది. ఫీజు యాభై వేలు, ఎస్సీ ఎస్టీలకి పాతికవేలు. వెయ్యికి పైగా వచ్చాయి. తర్వాత కమిటీలు, ఢిల్లీ, జాబితా. ఎంపికయ్యాక పార్టీ బీ ఫారం ఇస్తుంది, ఆ కాగితంతోనే గుర్తు వస్తుంది. దరఖాస్తు నుంచి బీ ఫారం దాకా మధ్యలో ఏం అడిగారో, ఎవరికి ఎన్ని మార్కులొచ్చాయో, మిగతావాళ్ళని ఎందుకు కాదన్నారో ఎవరికీ తెలియదు. దరఖాస్తులు పిలవని పార్టీకీ పిలిచిన పార్టీకీ ఆ గది మాత్రం ఒకటే.

అలాగని అమెరికా ప్రైమరీ అమృతం అనను. 1968లో హంఫ్రీ ఒక్క ప్రైమరీలో కూడా పోటీ చెయ్యకుండానే డెమోక్రాట్ల అభ్యర్థి అయ్యాడు. ఆ ఏడాది షికాగోలో అయిన గొడవ తర్వాతే అక్కడ పద్ధతులు మారాయి. ఇప్పటికీ డబ్బున్నవాడిదే హడావిడి. 2024లో ప్రైమరీల్లో గెలిచిన బైడెన్ జులైలో తప్పుకుంటే, కమలా హారిస్ ప్రైమరీ లేకుండానే అభ్యర్థి అయ్యారు. మన దగ్గరా ప్రయత్నం జరక్కపోలేదు. 2014 ముందు కాంగ్రెస్ కొన్ని పార్లమెంటు సీట్లలో ప్రైమరీలు పెట్టింది. వడోదరలో నరేంద్ర రావత్ అనే ఆయన అలా గెలిచారు కూడా. తీరా మోదీ గారు అక్కడ పోటీకి దిగేసరికి ఆయన తప్పుకున్నారు, మధుసూదన్ మిస్త్రీ నిలబడ్డారు. ఆ ప్రయోగం అక్కడితో చప్పబడింది.

మరి ఏం చెయ్యొచ్చు? మొదట్లో రెండు లైన్ల సంగతి చెప్పాను కదా. 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక ఆదేశమిచ్చింది. కేసులున్నవాళ్ళకి టికెట్టిస్తే, ఎందుకిచ్చారో, కేసుల్లేనివాణ్ణి ఎందుకు ఇవ్వలేకపోయారో పార్టీలు ప్రచురించాలి. 'గెలుస్తాడు కాబట్టి' అంటే కుదరదు, అర్హతలూ చేసిన పనులూ చెప్పాలి. పార్టీలు దాన్ని తూతూమంత్రంగా నింపుతున్నాయనుకోండి.. ప్రజాదరణ ఉంది, సేవ చేశాడు, కేసులు రాజకీయ కక్షతో పెట్టినవి.. అన్నీ ఇదే వరస. అయినా ఫారం అంటూ ఒకటుంది. దాన్ని కేసులున్నవాళ్ళకే ఎందుకు పరిమితం చెయ్యాలి? ప్రతి అభ్యర్థికీ 'ఇతన్నే ఎందుకు' అని రెండు లైన్లు రాయమనాలి. అడిగినా దక్కనివాళ్ళకి 'ఎందుకు కాదు' అని ఒక లైను. ఆ తర్వాత మండల స్థాయిలో, రసీదు పుస్తకం ఉన్న సభ్యులచేత ఓటు వేయించాలి. పై కమిటీ దాన్ని తోసిపుచ్చితే తోసిపుచ్చనీ, కానీ కారణం రాసి తోసిపుచ్చాలి. ఇదేమీ విప్లవం కాదు. ఫ్రెషర్ని తీసుకోవడానికి మనం పాటించే పద్ధతే.

'కార్యకర్తలకి వదిలేస్తే కులం చూసి, డబ్బు తీసుకుని ఓటేస్తారు' అంటారు కొందరు. నేనూ అదే అనుకునేవాణ్ణి. అందుకే ఆ సాయంత్రం అందరూ లేచాక బాపుని విడిగా అడిగాను. "నీకే ఓటుంటే, ఆ టికెట్టు అడిగినోళ్ళలో ఎవరికి వేసేవాడివి?"

చాలాసేపు ఆలోచించాడు. నాకు ఆయన గ్రూపు నాయకుడి పేరు చెప్తాడనే నమ్మకం. చెప్పింది వేరే పేరు. ఊళ్ళో ఇరవై ఏళ్ళుగా బాపుకి పడని వర్గం మనిషి. ఒకే పార్టీలో ఉండి ఎదురుపడితే మొహం తిప్పుకునేంత.

"ఆయనకా?!" అన్నాను.

"మనోడు కాదు. నాకు నచ్చడు గూడ. గాని కరోనాల ఆసుపత్రి చుట్టు తిరిగింది ఆయనొక్కడే. మండలంల ఏ చెరువు ఎప్పుడు తెగిందో నోటికి చెప్తడు. ఆఫీసర్ల తోని మాట్లాడొస్తది."

అయిదు లైన్లు కూడా కాలేదు. నా ఇంటర్వ్యూ షీట్లలో ఇంత శుభ్రమైన ఫీడ్‌బ్యాక్ నేనెప్పుడూ రాయలేదు. నచ్చని మనిషికి మార్కులెయ్యడం నాకింకా చేతకాదు.

ఆ మాట వినే గది అప్పుడు లేదు, ఇప్పటికీ లేదు. నేను ఆ ఎక్సెల్ ఫైల్ మూసేశాను. పోలింగ్ నాడు అన్న మాటకి క్షమించమని అడుగుదామనుకున్నాను గానీ నోరు రాలేదు. మర్నాడు హైదరాబాద్ బస్సెక్కేముందు, "మళ్ళీ ఓట్లు వస్తే ఆయన్ని అడగమను, నేను కూడా వచ్చి తిరుగుతా" అన్నాను. బాపు నవ్వి, "ముందు నీ ఓటు సక్కగ వెయ్యి" అన్నాడు.

మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఇలాంటి జెండా మోసే మనిషి ఒకరుండే ఉంటారు. ఈసారి కలిసినప్పుడు అడిగి చూడండి. ఏం చెప్తారో నాకూ చెప్పండి.